గ్రాంటు కంటే ముందు చందా

2025 డిసెంబరు 29న అమెరికాలో 50 రాష్ట్రాలకీ గ్రామీణ ఆరోగ్య పరివర్తన నిధి తొలి ఏడాది వాటాలు ప్రకటించారు. అన్నిటికంటే తక్కువ న్యూజెర్సీకి, 147 మిలియన్ డాలర్లు. అన్నిటికంటే ఎక్కువ టెక్సాస్‌కి, 281 మిలియన్లు. ఐదేళ్ళకీ కలిపి 50 బిలియన్లు. పల్లె ఆసుపత్రులు ఎవరికి వారుగా కాక నిర్వహణ, సాంకేతికత, స్పెషలిస్టు వైద్యం, అత్యవసర సేవలు పంచుకుంటూ నడవాలన్నది ఈ నిధి పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. ఇంత డబ్బు, ఇంత స్పష్టమైన మాట ఒకేసారి వచ్చాక 'మనమూ ఒక నెట్‌వర్క్ కడదాం' అనే కబురు జిల్లా జిల్లాకీ వెళ్ళక మానదు.

నిజానికి ఈ కోరిక పాతదే. సమాఖ్య ప్రభుత్వంలోని గ్రామీణ ఆరోగ్య విధాన కార్యాలయం చాలా ఏళ్ళుగా ఇందుకోసమే రెండు రకాల గ్రాంట్లు ఇస్తోంది. ఒకటి నెట్‌వర్క్ ప్రణాళిక గ్రాంటు: ఒక్క ఏడాదికి, లక్ష డాలర్ల దాకా. రెండోది నెట్‌వర్క్ అభివృద్ధి గ్రాంటు: ఇటీవలి విడతల్లో ఏడాదికి 3 లక్షల దాకా, మూడు నాలుగేళ్ళపాటు. ఈ డబ్బుతో మంచి పనులు జరిగాయి. ఈ డబ్బు ఆగిన మరుసటి ఏడాదే మాయమైన నెట్‌వర్క్‌లూ ఉన్నాయి. అలా మాయమైపోవడానికి కారణం దరఖాస్తు రాసే రోజునే మొదలవుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో వాదించేది ఒక్కటే: సభ్య ఆసుపత్రులు తమ ఖాతాలోంచి ఎంతో కొంత చందా కట్టడం మొదలుపెట్టాకే గ్రాంటుకి వెళ్ళాలి. కట్టనంటే వెళ్ళకూడదు.

మూడు సంతకాలు, ఖాళీ కాగితం

గ్రాంటు నిబంధన ప్రకారం నెట్‌వర్క్‌లో కనీసం మూడు సంస్థలుండాలి. మూడింటికీ వేరువేరు యాజమాన్యం, వేరువేరు పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి. ఒకే గొలుసు ఆసుపత్రికి చెందిన మూడు శాఖలు చూపిస్తే చెల్లదు. అందరూ సంతకం చేసిన ఒప్పందపత్రం జతచేయాలి. నిబంధన మంచిదే. అది అమలయ్యే తీరులోనే చిక్కుంది.

ప్రకటన వచ్చిన నాటి నుంచి గడువు దాకా సాధారణంగా 60 నుంచి 90 రోజులుంటుంది. చిన్న ఆసుపత్రి పాలకమండలి నెలకోసారి కూర్చుంటుంది. అంటే ఒప్పందపత్రాన్ని మండలి ముందు పెట్టి, సవరించి, మళ్ళీ తెచ్చి ఆమోదించుకోవడానికి మహా అయితే రెండు సమావేశాలు. మొదటి నెలంతా వేరే పనికే పోతుంది: సమాఖ్య గ్రాంట్లు కోరే సంస్థలు పేరు నమోదు చేసుకోవాల్సిన ప్రభుత్వ సైటు సామ్ డాట్ గవ్‌లో సంస్థ నమోదు. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత డన్స్ సంఖ్య స్థానంలో ఆ సైటే గుర్తింపు సంఖ్య ఇస్తోంది. అక్కడ సంస్థ పేరు, చిరునామా చట్టబద్ధమైన పత్రాల్లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పన్నుశాఖ దగ్గర 'మెమోరియల్ హాస్పిటల్ డిస్ట్రిక్ట్' అని ఉండి ఊళ్ళో వ్యవహారం 'మెమోరియల్ హెల్త్' అని సాగుతుంటే ధ్రువీకరణ వారాల తరబడి ఆగిపోతుంది. నమోదును 12 నెలలకోసారి పునరుద్ధరించకపోతే చెల్లుబాటు పోతుంది. ఈ తలనొప్పి తీరేసరికి గడువు పది రోజుల్లో పడుతుంది.

ఇక అప్పుడు గ్రాంటు రాసిపెట్టే కన్సల్టెంటు ఒక నమూనా ఒప్పందపత్రం ఈమెయిల్లో పంపుతాడు. 'పరస్పర సహకారంతో కృషి చేయుటకు అంగీకరించుచున్నాము' తరహా వాక్యాలు రెండు పేజీలు. సీఈఓలు సంతకం చేసి స్కాన్ చేసి పంపిస్తారు. అందులో లేనివి మూడు. ఎవరైనా బయటికి పోవాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, గ్రాంటు డబ్బుతో కొన్న సామాను తర్వాత ఎవరిది, డబ్బు అయిపోయాక ఖర్చు ఎవరు ఎంతెంత భరిస్తారు. మొదటి రెండూ ఎలాగో సర్దుకుంటాయి. మూడోది రాయకపోతే ఆ కాగితానికి అసలు ప్రాణమే లేదు. 'చందా సంగతి మూడో ఏడు చూద్దాం' అన్న మాట విన్నప్పుడల్లా నాకు అందులో వినిపించేది ఒక్కటే: ఈ నెట్‌వర్క్ నాకు డబ్బు పెట్టేంత అవసరం కాదు.

మన దగ్గర ఒక సామెత ఉంది, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. అందరిదీ అనుకున్నదాన్ని ఎవరూ మేపరు. ఆంధ్రప్రదేశ్‌లో సహకార సంఘాల విషయంలో ఇది కళ్ళారా చూసిందే. ప్రభుత్వం వాటా ధనం పెట్టింది, దాని వెనకే ప్రభుత్వ పెత్తనం వచ్చింది, సభ్యుడికి సంఘం తనదన్న భావం పోయింది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం సరిగ్గా ఆ ముడినే విప్పింది: ప్రభుత్వ వాటా ధనం వద్దు, సభ్యులే పెట్టుబడి పెట్టి సభ్యులే నడుపుకోవాలి. విస్కాన్సిన్ వేరు, కరీంనగర్ వేరు. అయినా సభ్యుడి డబ్బుకీ సభ్యుడి శ్రద్ధకీ ఉన్న ముడి రెండు చోట్లా ఒకటే.

విస్కాన్సిన్ పేరు ఊరికే తేలేదు. సాక్ సిటీ కేంద్రంగా పనిచేసే రూరల్ విస్కాన్సిన్ హెల్త్ కోఆపరేటివ్ 1979లో మొదలైంది. సమాఖ్య గ్రామీణ ఆరోగ్య విధాన కార్యాలయం పుట్టిందే 1987లో. అంటే ఈ గ్రాంట్లు లేని రోజుల్లోనే అక్కడి ఆసుపత్రులు చేతులు కలిపాయి, నేటికీ యజమానులు ఆ ఆసుపత్రులే. తర్వాత వాళ్ళు గ్రాంట్లు తీసుకోలేదని కాదు. గ్రాంటు వచ్చేసరికి సంఘం అప్పటికే ఉంది.

డైరెక్టర్ ఎవరి మనిషి?

3 లక్షల్లో పెద్ద పద్దు ఎప్పుడూ జీతాలే. మొదట డైరెక్టర్‌ని తీసుకోవాలి. పల్లెటూరికి మనిషి దొరికి చేరేసరికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆ నెలల జీతం మిగిలిపోతుంది. దాన్ని తర్వాతి ఏడాదికి మళ్ళించుకోవాలంటే ముందు ఆర్థిక నివేదిక దాఖలు చేసి, ఆపైన అనుమతి కోరాలి. మిగిలింది కదా అని ఏడాది చివర్లో ఆదరాబాదరాగా టెలిమెడిసిన్ బండ్లు (దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడే తెర, కెమెరా అమర్చిన చక్రాల స్టాండ్లు) కొనేవాళ్ళున్నారు. అవి తర్వాత వార్డు మూల ప్లగ్గు పీకేసి ఉంటాయి.

డైరెక్టర్ సాధారణంగా గ్రాంటు అందుకున్న పెద్ద ఆసుపత్రి ఉద్యోగిగానే చేరతారు. జీతం అక్కడి నుంచి, గది అక్కడే, ఈమెయిల్ చిరునామా చివర ఆ ఆసుపత్రి పేరే. చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ 40 మైళ్ళ అవతల ఉన్న పోటీ ఆసుపత్రి సీఈఓ, తన ఎమర్జెన్సీ గదికి ఎంతమంది వస్తున్నారో, ఎంతమందిని బయటికి పంపుతున్నారో ఆ చిరునామాకి పంపడానికి జంకుతాడు. రెండో ఏడు సమావేశాలకి తాను రాకుండా నర్సింగ్ అధికారిని పంపిస్తాడు. ఆమెకి ఓటు వేసే అధికారం ఉండదు. కోరం కుదరక నిర్ణయాలు వాయిదా పడతాయి. నెట్‌వర్క్ జబ్బు పడిందనడానికి ఇంతకంటే ముందుగా కనిపించే లక్షణం లేదు. వేరే డొమైన్ పేరు, వేరే బ్యాంకు ఖాతా, సభ్యుడికొక ఓటు: ఈ మూడింటికీ అయ్యే ఖర్చు స్వల్పం. మొదటి నెలలోనే చేయాలి.

లెక్కల్లో ఎక్కువమంది జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వంతో ముందే కుదుర్చుకున్న రేటు లేని సంస్థ పరోక్ష ఖర్చుల (కార్యాలయం, కరెంటు, లెక్కలు రాయడం వంటివి) కింద 15 శాతం వేసుకోవచ్చు. 2024 అక్టోబరుకి ముందు ఇది 10 శాతమే. 3 లక్షల్లో ఇది సుమారు 39 వేల డాలర్లు. పాత దరఖాస్తు నకలు తీసి నింపేవాళ్ళు పాత 10 శాతమే వేసి ఆ తేడా పోగొట్టుకుంటారు. మరోవైపు ఆ 15 శాతాన్ని మొత్తం మీద కట్టకూడదు. పరికరాల కొనుగోళ్ళు, ఒక్కో ఉపగ్రాంటులో (గ్రాంటు సొమ్ములోంచి భాగస్వామికి ఇచ్చే వాటాలో) తొలి 50 వేల డాలర్లు దాటిన భాగం పక్కన పెట్టి లెక్కించాలి.

సభ్య ఆసుపత్రికి డబ్బు పంపాలంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ ఆసుపత్రి గ్రాంటు పనిలో భాగస్వామా, లేక బయటి నుంచి సేవ అమ్మే కాంట్రాక్టరా అని. భాగస్వామి అయితే లిఖితపూర్వక ఉపగ్రాంటు ఒప్పందం, పర్యవేక్షణ ఉండాలి. కాంట్రాక్టర్ అయితే కొనుగోలు నియమాలు పాటించాలి. ఏదీ లేకుండా 'మీ నర్సు సమయానికి' అని చెక్కు పంపితే ఆడిట్‌లో ఆ మొత్తం కొట్టేస్తారు, తిరిగి కట్టాల్సి వస్తుంది. సగం జీతం గ్రాంటులో చూపిన మనిషి నిజంగా సగం సమయం ఆ పనే చేసినట్టు రికార్డు ఉండాలి. దరఖాస్తులో వేసిన అంచనా శాతాన్నే నెలనెలా ఎక్కించుకుంటూ పోతే కుదరదు.

మొదటి పని చిన్నదై ఉండాలి

దరఖాస్తుల్లో కనబడే తొలి పని ఎప్పుడూ పెద్దదే: ఉమ్మడి ఎలక్ట్రానిక్ రికార్డులు, టెలీ-సైకియాట్రీ, జిల్లా మొత్తానికి మధుమేహ నియంత్రణ. నా అభిప్రాయంలో తొలి ఏడాది పని విసుగు పుట్టించేంత మామూలుదై ఉండాలి. ఎవరూ ఫొటో తీయనిది, కానీ ప్రతి ఆసుపత్రీ ఇప్పటికే డబ్బు పెట్టి విడిగా చేయించుకుంటున్నది.

డాక్టర్ల అర్హతల పరిశీలన తీసుకోండి. ఒక కార్డియాలజిస్టు వారంలో నాలుగు చిన్న ఆసుపత్రుల్లో క్లినిక్ పెడతాడు. నాలుగు చోట్లా ఆయన లైసెన్సు, పట్టా, శిక్షణ, మత్తుమందుల రిజిస్ట్రేషను, బీమా, పాత కేసులు విడివిడిగా తనిఖీ చేస్తారు. రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ అదే తంతు. మన పిల్లలు ఎంతోమంది జే-1 వీసా మినహాయింపు (శిక్షణ అయ్యాక స్వదేశానికి వెళ్ళాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద మూడేళ్ళు ఇలాంటి ఊళ్ళలోనే పనిచేస్తారు. వరంగల్‌లోనో గుంటూరులోనో ఎంబీబీఎస్ చదివిన డాక్టరు ఒక్కో ఆసుపత్రికీ అవే కాగితాలు మళ్ళీ మళ్ళీ పంపుకోవడం వాళ్ళకి అనుభవమే. నెట్‌వర్క్‌లో ఒక మనిషి ఇది ఒక్కసారి సేకరించి అందరికీ ఇస్తే ప్రతి ఆసుపత్రికీ గంటలు మిగులుతాయి.

ఇందులోనూ మెలికలున్నాయి. డాక్టర్ల మీద వచ్చిన చర్యలు, కట్టిన నష్టపరిహారాల వివరాలు దాచే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్‌ని ఒకసారి అడిగి వచ్చిన జవాబును సభ్య ఆసుపత్రులన్నిటికీ పంచడం నిషిద్ధం. నెట్‌వర్క్ వాళ్ళ తరఫున ఏజెంటుగా ఉండొచ్చు కానీ ఒక్కో ఆసుపత్రి పేరునా విడిగా అడగాలి, రుసుము విడిగా కట్టాలి. ఇక ఆ డాక్టర్ని తీసుకోవాలా వద్దా, ఏ చికిత్సలు చేయనివ్వాలి అనే నిర్ణయం ఆ ఆసుపత్రి పాలకమండలిదే. అది నెట్‌వర్క్‌కి అప్పగించేది కాదు. ఈ గీత ఒప్పందంలో స్పష్టంగా గీయకపోతే మొదటి వివాదంలోనే అందరూ వెనక్కి తగ్గుతారు.

రెండో మంచి పని చార్టుల సమీక్ష. ఊళ్ళో ఇద్దరే డాక్టర్లుంటే ఒకరి పొరపాటు మీద మరొకరు ఏం రాస్తారు? సాయంత్రం ఇద్దరూ ఒకే చర్చికి, ఒకే కిరాణా దుకాణానికి వెళ్ళేవాళ్ళు. నెట్‌వర్క్‌లో మరో ఊరి డాక్టరు, పేర్లు తీసేసిన చార్టు చూస్తే సమీక్ష నిజాయితీగా జరుగుతుంది. అయితే ఆసుపత్రిలోపల జరిగే సమీక్షకి రాష్ట్ర చట్టం ఇచ్చే గోప్యత నెట్‌వర్క్ సమీక్షకీ వర్తిస్తుందో లేదో మొదటి చార్టు కదలకముందే లాయరు చేత తేల్చుకోవాలి.

బట్టలుతకడం కూడా ఉమ్మడిగా చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ చట్టంలో ఒక విచిత్రముంది. ఆసుపత్రుల సహకార సేవాసంస్థలకి పన్ను మినహాయింపు ఇచ్చే 501(ఇ) సెక్షన్‌లో కొనుగోళ్ళు, బిల్లింగ్, ల్యాబు, డేటా, ఆహారం, సిబ్బంది సేవలు ఉన్నాయి. లాండ్రీ లేదు. పెన్సిల్వేనియాలో ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న లాండ్రీ కేసులో 1981లో సుప్రీంకోర్టు కూడా జాబితాలో లేనిది లేనట్టే అని తేల్చింది. కాబట్టి నెట్‌వర్క్‌కి చట్టరూపం ఎంచుకునే ముందు ఏయే పనులు చేయబోతున్నారో రాసుకోవడం అవసరం.

ధరలు మాట్లాడకూడని గది

కలిసి కూర్చున్న సీఈఓలు సహజంగా అడిగే మాట, 'ఫలానా బీమా కంపెనీ మీకెంత ఇస్తోంది?' ఆ మాట ఆ గదిలో రాకూడదు. స్వతంత్రంగా ఉన్న పోటీదారులు బీమా రేట్ల మీద ఒకటైతే అది ధరల కుమ్మక్కు. నర్సుల జీతాలకీ ఇదే వర్తిస్తుంది. ఏయే సమాచార మార్పిడి, ఏయే ఉమ్మడి కొనుగోళ్ళు ప్రమాదం లేనివో చెప్పే 1996 నాటి మార్గదర్శకాలు ఉండేవి. 2023లో న్యాయశాఖ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రెండూ వాటిని ఉపసంహరించుకున్నాయి. పాత శిక్షణ పుస్తకాల్లో ఆ 'సురక్షిత హద్దులు' ఇంకా కనిపిస్తాయి, నమ్ముకోకూడదు. తొలి సమావేశానికే లాయరు ఒక పేజీ నియమాలు రాసిపెట్టి, ప్రతి సమావేశం మినిట్స్‌లో చదివినట్టు రాయడం మంచి అలవాటు.

పేద ఆసుపత్రి చందా ఎక్కడి నుంచి తెస్తుంది?

నా వాదన మీద వచ్చే బలమైన అభ్యంతరం ఇది. 2010 నుంచి 140కి పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి, లేదా పడకలు ఎత్తేశాయి. ఈ 50 బిలియన్లు ఇచ్చిన 2025 చట్టమే పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ని కోసింది. గ్రామీణ ప్రాంతాల్లో ఆ కోత పదేళ్ళలో 137 బిలియన్ల దాకా ఉంటుందని ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ అంచనా. జీతాలివ్వడానికే తడుముకునే చోట చందా అడగడం న్యాయమా?

లెక్క వేసి చూద్దాం. ఒక నెట్‌వర్క్‌లో ఆరు ఆసుపత్రులనుకోండి. డైరెక్టర్ జీతభత్యాలు, ఆడిట్, లాయరు, బీమా, ప్రయాణాలు కలిపి ఏటా లక్షా 70 వేల డాలర్లు అనుకుందాం. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 28 వేల చిల్లర. 25 పడకల 'క్రిటికల్ యాక్సెస్' ఆసుపత్రికి (చిన్న పల్లె ఆసుపత్రులకి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక హోదా ఇది) వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ అసలు ఖర్చు ఆధారంగా చెల్లిస్తుంది. చట్టం ప్రకారం 101 శాతం, బడ్జెట్ కోత పోగా చేతికి వచ్చేది 99 శాతం దరిదాపు. రోగుల సేవకి సంబంధించిన నెట్‌వర్క్ చందా ఆ ఖర్చులో చూపదగిందే, లాబీయింగ్‌కి పోయే భాగం తప్ప. ఆ ఆసుపత్రి పనిలో మెడికేర్ వాటా సగమైతే చందాలో దాదాపు సగం తిరిగొస్తుంది. అంటే నికర భారం 14 వేలు. దాన్ని కూడా మెట్లుగా ఎక్కించవచ్చు: మొదటి ఏడు 2,500, రెండో ఏడు 7,500, మూడో ఏడు 15 వేలు, నాలుగో ఏడు పూర్తి వాటా. గ్రాంటు ఆ మేరకు తగ్గుతూ వస్తుంది. సగం సమానంగా, సగం రాబడిని బట్టి పంచితే అందరికంటే చిన్న ఆసుపత్రికి ఇంకా తక్కువ పడుతుంది.

2,500 కూడా ఇవ్వలేని ఆసుపత్రి ఉంటుంది, నిజమే. దానికి కావలసింది నెట్‌వర్క్ కాదు, నగదు. అక్కడికి గ్రాంటు తెచ్చి డైరెక్టర్‌ని పెడితే ఆ ఆసుపత్రి సీఈఓ నెత్తిన మరో నాలుగు సమావేశాలు, మూడు నివేదికలు పడతాయి.

రెండో అభ్యంతరం దగ్గర మాత్రం నా వాదన పూర్తిగా నిలబడదు, ఒప్పుకుంటాను. బీమా లేని మధుమేహ రోగుల ఇళ్ళకి వెళ్ళే ఆరోగ్య కార్యకర్త, రెండు జిల్లాల మధ్య అంబులెన్సులను సమన్వయం చేసే డిస్పాచర్: ఈ పనులకి ఆసుపత్రి నుంచి చందా రాదు. వీటివల్ల ఆసుపత్రికి రాబడి తగ్గినా తగ్గొచ్చు. ఇలాంటి పనికి కూడా దరఖాస్తులో 'గ్రాంటు తర్వాత ఎలా నిలబడతారు' అని అడగడం, వీళ్ళు 'ఇతర నిధులు అన్వేషిస్తాం' అని రాయడం ఇద్దరికీ తెలిసిన అబద్ధం. దానికి కౌంటీ పన్నులోంచో రాష్ట్ర బడ్జెట్లోంచో శాశ్వతమైన పద్దు ఉండాలి. రాష్ట్రాలు ఈ 50 బిలియన్ల గురించి ప్రణాళికలు మార్చుకునే అవకాశం ఉన్నన్నాళ్ళూ ఈ రెండు రకాల పనుల్నీ ఒకే గాటన కట్టకుండా చూడటం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

మూడో మాట కూడా వింటుంటాను: నమ్మకం ముందు కలిగితే డబ్బు తర్వాత వస్తుంది, ముందే డబ్బడిగితే బెదిరిపోతారని. ప్రణాళిక గ్రాంటు ఉన్నది ఆ నమ్మకం పెంచుకోవడానికే అంటారు. ఇందులో కొంత నిజముంది. లక్ష డాలర్ల ఏడాదిలో ఒకరి ఆసుపత్రికి ఒకరు వెళ్ళి వంటగది నుంచి ఎక్స్‌రే గది దాకా తిరిగిన సీఈఓల మధ్య మాట మారుతుంది. కానీ ఆ ఏడాది చివర చేతికి రావలసింది బొమ్మలున్న వ్యూహపత్రం కాదు. పాలకమండళ్ళు ఆమోదించిన బైలాస్ (నెట్‌వర్క్ నియమావళి), చందా పట్టిక, మొదటి ఉమ్మడి సేవ ధర. ఈ మూడూ లేకుండా అభివృద్ధి గ్రాంటుకి వెళ్ళేవాళ్ళు మళ్ళీ ప్రణాళికే వేసుకుంటారు, ఈసారి ఏడాదికి 3 లక్షలతో.

ఈ ఏడు దరఖాస్తు ఆలోచన ఉన్నవాళ్ళు ప్రకటన కోసం ఎదురుచూడకుండా చేయగలిగేది ఇంత. రాష్ట్ర గ్రామీణ ఆరోగ్య కార్యాలయానికి ముందే ఫోన్ చేయాలి. దరఖాస్తుదారు వాళ్ళకి తెలియజేయాలని నిబంధన ఎలాగూ ఉంది, పైగా ఇంతకుముందు గెలిచినవాళ్ళ, ఓడినవాళ్ళ సంగతులు వాళ్ళకే బాగా తెలుసు. సామ్ నమోదు గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోవాలి. నెట్‌వర్క్ పేరుతో వేరే ఖాతా తెరిచి, ఆరుగురు సీఈఓలకీ 2,500 డాలర్ల చెక్కు కోరుతూ ఒక్క పేజీ ఉత్తరం పంపాలి. ఆ పేజీలో మొదటి ఉమ్మడి సేవ ఏదో, దానివల్ల ఏ ఆసుపత్రికి ఎన్ని గంటలు మిగులుతాయో ఉండాలి. నెలలోపు నాలుగు చెక్కులే వస్తే నలుగురితోనే దరఖాస్తు వేయాలి, నిబంధనకి ముగ్గురు చాలు. మిగతా ఇద్దరు తర్వాత చేరాలనుకుంటే అప్పటిదాకా అందరూ కట్టిన చందాకి సరిసమానంగా కట్టి రావచ్చని బైలాస్‌లో ఒక వాక్యం రాసిపెట్టాలి.